అయిదువేళ్ల వేరు, మా తోడికోడలు

మా అత్తగారు వేరు తవ్వుకొచ్చే చోటు ఆవిడకు తప్ప ఇంకో పిట్టకు తెలియదు. కొండల్లోని మా ఊరు షీకెంగ్‌లో ఆ వయసు ఆడవాళ్లందరూ అంతే. ఎవరి కొండవాలు వాళ్లది. పక్కింటావిడ వెనకాల వస్తోందని అనుమానం తగిలితే చాలు, వంటచెరకు కోసం వచ్చినట్టు నాలుగు పుల్లలు ఏరుకుని ఇంటిదారి పడతారు. తవ్వేది బంగారమేమీ కాదు, అయిదువేళ్ల వేరు. ఆకు అరచేయి తెరిచినట్టు అయిదు చీలికలుగా, ఒళ్లంతా నూగుతో ఉంటుంది. వేరును కడిగి, ముక్కలు కోసి, చాటల్లో ఎండబెడితే కొబ్బరిపాల వాసన వస్తుంది. కోడితోనో పంది ఎముకలతోనో కలిపి పొద్దుటినుంచి సన్నసెగ మీద ఉంచితే మధ్యాహ్నానికి సూపు పాలలా తెల్లబడుతుంది. వసంతంలో గోడలు చెమర్చి, ఉతికిన బట్టలు ఎన్నాళ్లకీ ఆరని రోజుల్లో అదే వేరును ఉత్త నీళ్లలో మరిగించి టీలా తాగుతాం. ఒంట్లో చేరిన చెమ్మను లాగేస్తుందని మా నమ్మకం.

ఆ ఇంటికి మేం ఇద్దరం కోడళ్లం. పెద్దకోడలు యున్‌జియావ్, చిన్నదాన్ని నేను. చెప్పబోయేది ఆమె సంగతి.

యున్‌జియావ్ కొండ అవతలి లోయ పిల్ల. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. కావడి ఎత్తుకుని వస్తుంటే మగవాళ్లు పక్కకు తప్పుకునేవాళ్లు. నోరూ ఆ భుజాలకు తగ్గట్టే ఉండేది. అత్తగారు ఒకటంటే తను ఒకటిన్నర అనేది.

"ముల్లంగి ఇంతింత ముక్కలు తరిగావేమే, పందులకా?" అనేది అత్తగారు.

"మామకే, అత్తా. ఆయనకింకా పళ్లున్నాయనుకున్నాను."

"నన్ను మధ్యలోకి లాగకండే తల్లీ, నాకున్నవి రెండే," అనేవాడు మామగారు, పొగగొట్టం నోట్లోంచి తీయకుండానే.

ఇలా రోజంతా మాటలు రువ్వుకునేవాళ్లు. కొత్తగా వచ్చినప్పుడు ఏదో పెద్ద గొడవ అవుతోందని నేను హడలిపోయేదాన్ని. తర్వాత అర్థమైంది, వాళ్లిద్దరికీ అదే సరదా అని. ఒకరికి జలుబు చేసి నోరు మూతపడితే రెండోవాళ్లకు తోచేది కాదు. మా మగవాళ్లు ఇద్దరూ డాంగ్‌గ్వాన్ నగరంలో మేస్త్రీ పనులు చేసేవాళ్లు. కొత్త సంవత్సరానికీ, పెద్దల సమాధులు శుభ్రం చేసే పండుగకూ మాత్రం ఊరు వచ్చేవాళ్లు.

ఆ ఏడాది శరదృతువులో అత్తగారి మోకాళ్లు వాచాయి. మామగారు కచ్చితంగా చెప్పేశాడు. "మళ్లీ కొండెక్కావో, నీ గునపం తీసుకెళ్లి బావిలో పడేస్తాను."

"నాకేమన్నా పిచ్చా, ఈ కాళ్లతో ఎక్కడానికి? ఇంట్లో ఇద్దరు దుక్కల్లాంటి కోడళ్లున్నారు, వాళ్లు తెస్తారులే," అంది ఆవిడ. అందరం నమ్మాం. ఆవిడ కళ్లు కూడా మసకబారుతున్నాయని ఎవరికీ తెలియదు. సూదిలో దారం ఎక్కించాల్సి వస్తే, "నాకు తీరికలేదు, నువ్వెక్కించి ఇలా పడేయ్," అని యున్‌జియావ్‌కి ఇచ్చేది. తీరికలేకనే అనుకున్నాం.

నేనప్పుడు తొలిచూలు. పుట్టింట్లో కొన్నాళ్లుండి, చలికాలపు పండుగ భోజనం వేళకు షీకెంగ్ చేరుకున్నాను. గడపలో కాలు పెట్టేసరికి యున్‌జియావ్ సూపు వడ్డిస్తోంది. కోడి వాసన తగలగానే నాకు కడుపులో తిప్పింది. బయటే పీట వేసుకుని కూర్చున్నాను.

"ఈ పూట చేదు తగిలిందే అమ్మాయ్," అన్నాడు మామగారు లోపలినుంచి.

"కోడి పిత్తసంచి పగిలినట్టుంది మామా. చేదైతే వదిలెయ్."

"కోడిని పారేసే ఇల్లా మనది?" అని ఆయన మరో గిన్నె పోయించుకున్నాడు. అత్తగారు సగం గిన్నె తాగింది. అందరికీ పెట్టి, ఆఖరున తను ఓ గుటక నోట్లో పోసుకుంది యున్‌జియావ్.

కాసేపటికి మామగారు నవ్వుతూ, "ఇదేంటే, మనింటికి రెండు వాకిళ్లు కనిపిస్తున్నాయి!" అన్నాడు. సారా తలకెక్కిందని అత్తగారు వెక్కిరించబోయింది. మాట ముద్దగా వచ్చింది. ఆవిడ రెప్పలు వాలిపోయాయి, మెడ నిలబడలేదు. మామగారి చేతిలోంచి గిన్నె జారి పగిలింది.

యున్‌జియావ్ తన గొంతులో వేలు పెట్టుకుని కక్కింది. వెంటనే అత్తగారి దవడలు విడదీసి ఆవిడ చేతా కక్కించింది. మామగారిని వీపున వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తింది. వెనకాల నేనూ, పొరుగున ఉండే వెన్ కుటుంబం కోడలు షుజెన్‌ కలిసి అత్తగారిని మోసుకొచ్చాం. షుజెన్ మొగుడి మూడుచక్రాల బండిలో పడుకోబెట్టాం. పట్నం పొలిమేర రాకముందే మామగారి ఊపిరి ఆగిపోయింది.

పేగులు తెంచే తీగ అన్నాడు డాక్టరు. మా కొండల్లో ఇది మొదటిసారి కాదు. ఆ పాడు తీగ అయిదువేళ్ల చెట్టు పక్కనే మొలుస్తుంది. నేలలో రెంటి వేర్లూ జడ అల్లుకున్నట్టు ఉంటాయి. తవ్వేటప్పుడు ఒక్క ముక్క కలిసినా చాలు.

అత్తగారికి గొట్టాలు పెట్టి, యంత్రంతో ఊపిరి ఆడిస్తున్నారు. బతికితే అదృష్టం అన్నారు. ఆసుపత్రి వరండాలోకి ఇద్దరు పోలీసులు వచ్చారు. యున్‌జియావ్ బల్ల మీద కూర్చుని ఉంది. వాంతితో తడిసిన కోటు అలాగే ఉంది.

"ఆ వేరు కొన్నారా, తవ్వారా?" అని అడిగాడు వాళ్లలో పెద్దవాడు.

"తవ్విందే."

"ఎవరు తవ్వారు?"

ఆమె అత్తగారున్న గది తలుపు వైపు చూసింది. "నేనే," అంది. "నేనే తవ్వాను."

నేను పక్కనే ఉన్నాను. ఆ మాటలో నాకు తేడా ఏమీ తోచలేదు. అత్తగారి మోకాళ్లు వాచాయి, నేను ఊళ్లో లేను. ఇంకెవరు తవ్వుతారు?

పోలీసులు అది పొరపాటున జరిగిందని తేల్చి వెళ్లిపోయారు. ఊరు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

అంత్యక్రియలకు మగవాళ్లు వచ్చారు. బావగారు చింగ్‌ఫా పెళ్లాన్ని కొట్టలేదు, తిట్టలేదు, ఆమె వైపు చూడడమే మానేశాడు. చూడలేదు సరే, మా ఆయన రుయిమింగ్ ఊరుకోలేదు. శవం ముందు కూర్చున్న బంధువులకు ఆమె అన్నం గిన్నెలు పట్టుకొస్తే, "నాన్నని చంపిన చేత్తో వడ్డిస్తున్నావా? ఎవరూ ముట్టుకోకండి!" అని అరిచాడు. ఒక్కరూ ముట్టుకోలేదు. ఆమె ఆ గిన్నెలన్నీ వెనక్కి తీసుకెళ్లింది. ఒకటిన్నర మాటల మనిషి, ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు.

అత్తగారు బతికింది. కానీ ఆ పండుగ రోజూ, దాని ముందు కొన్ని రోజులూ ఆవిడ తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. ఇంటికి రాగానే మంచం మీదనుంచి అడిగింది.

"వేరు తెచ్చిందెవరు?"

"నేనత్తా," అంది యున్‌జియావ్.

"నేను నేర్పలేదుటే నీకు? ప్రతి ముక్కా విరిచి వాసన చూడమని చెప్పలేదుటే?"

"చెప్పావు."

"మరి ముక్కు ఎక్కడ పెట్టుకున్నావ్?"

అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆనాటినుంచి అయిదువేళ్ల వేరు మా గడప తొక్కలేదు. చాటలో మిగిలినదంతా ఆవిడ పొయ్యిలో పారేయించింది. కొబ్బరి కాలినట్టు ఇల్లంతా వాసన.

"మీ ఊరు వెళ్లిపోతే పో," అన్నాడు చింగ్‌ఫా మళ్లీ పనికి బయల్దేరుతూ. పెళ్లాంతో అన్ని రోజుల్లో అతను అన్న మాట అదొక్కటే.

"మీ అమ్మకి వండేదెవరు?"

"నీ వంట తింటుందా?"

నిజమే, తినేది కాదు. అందుకని యున్‌జియావ్ వెనక వంటింట్లో వండేది, నేను వండినట్టు పట్టుకెళ్లి పెట్టేదాన్ని. "ఉప్పూ కారం కుదిరాయి. నీ చేయి బాగా తిరిగిందే," అని అత్తగారు మెచ్చుకునేది. గోడ అవతల యున్‌జియావ్ వింటూ ఉండేది. నాకు ప్రాణం చచ్చిపోయేది. "నిజం చెప్పేస్తానక్కా," అంటే, "ముసలావిడ తింటోంది కదా, నీకేం నొప్పి?" అని కసిరేది. పిండి దంచడానికి ఊరి ఆడవాళ్లు చేరే చోట ఆమె కూర్చుంటే, పక్కవాళ్లు చాటలు కొంచెం జరుపుకునేవాళ్లు. అది చూసి ఆమె వెళ్లడమే మానేసింది.

మా వాడు పుట్టి నడక నేర్చిన ఏడు, ఆమె ఒక విచిత్రమైన పని మొదలుపెట్టింది. మగవాళ్లు లేక బీడుపడిన మా మెట్ల పొలాన్ని గునపంతో తవ్వి, అడవిలోంచి అయిదువేళ్ల చెట్ల కొమ్మలు తెచ్చి నాటింది. ఊరు నోళ్లు నొక్కుకుంది. అడవిలో ఊరికే దొరికేదాన్ని ఎవరైనా పొలంలో వేస్తారా? పైగా ఈవిడా వేసేది?

"ఎందుకక్కా ఇదంతా? అత్తకి తెలిస్తే ఊరుకుంటుందా?" అని అడిగాను.

"తెలియనీ. పొలంలో నేను నాటిందే మొలుస్తుంది. పక్కన ఇంకేదైనా తల ఎత్తితే పీకేస్తాను. ఇక్కడ తవ్వినదానికి ఎవరూ చావరు."

అత్తగారికి తెలిసింది. మూడు పూటలు అన్నం మానేసింది. అయినా యున్‌జియావ్ నాటడం మానలేదు. ఆమె అత్తగారి మాట కాదనడం, ఆ చావు తర్వాత నేను చూడడం అదే మొదలు.

ఇంకో అలవాటు కూడా పట్టుకుంది. దారిన పోతూ ఎవరి వాకిట్లో వేరు ఎండుతున్నా ఆగి, ముక్కలు తీసి, విరిచి వాసన చూసేది. జనానికి ఒళ్లు మండేది. "చంపినమ్మే వచ్చి పరీక్షలు పెడుతోంది," అనుకునేవాళ్లు. ఒకరోజు షుజెన్ చాటలోంచి కొన్ని ముక్కలు తీసి పక్కన పెట్టింది.

"ఇవి వాడకు. ఇది ఆ తీగ."

షుజెన్ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. "నా ఇంట్లో ఎవరూ చావలేదు తల్లీ! నీ దరిద్రం నా చాటలో పెట్టకు. పో!"

"తిట్టుకో. కానీ వండకు," అని యున్‌జియావ్ వెళ్లిపోయింది.

ఆమె నోరు మూయించాలని షుజెన్ ఆ ముక్కలు మూటగట్టి పట్నంలో మందుల అంగడి ముసలాయన దగ్గరికి పట్టుకెళ్లింది. ఆయన ఒకటి విరిచి చూసి, మూటంతా పొయ్యిలో గిరాటేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడట. మర్నాడు మా వెనక గుమ్మంలో మూతపెట్టిన గిన్నె ఒకటి కనిపించింది. లోపల మాంసం కూరిన సోయా జున్ను ముక్కలు, ఇంకా వేడిగా ఉన్నాయి. ఎవరు పెట్టారో గిన్నె చూస్తేనే తెలిసిపోయింది. యున్‌జియావ్ మెట్టు మీద కూర్చుని అన్నీ తిన్నది. నాకొకటి ఇవ్వమంటే ఇవ్వలేదు.

తర్వాత ఒక్కొక్కరూ తమ చాటలు తామే పట్టుకురావడం మొదలుపెట్టారు. మొదట చీకటి పడే వేళకు, పక్కవాళ్లు చూడకుండా. ఆ తర్వాత పట్టపగలే. పొలంలో చెట్లు భుజమెత్తు అయ్యాక కొందరు ఆమె దగ్గర కొమ్మలు అడిగి తీసుకెళ్లి నాటుకున్నారు. అత్తగారు మాత్రం కరగలేదు.

మా వాడు బడికి వెళ్లే నాటికి ఆవిడకు చూపు దాదాపు పోయింది. ఇక దాచడానికి వీల్లేకపోయింది. గోడలు తడుముకుంటూ నడిచేది. జిల్లా ఆసుపత్రిలో కళ్ల పొరలు తీస్తున్నారని తెలిసి యున్‌జియావ్ ఆవిడను బలవంతాన బస్సెక్కించింది. "నీతో రాను," అంటే, "నాతో రాకు. నేను ముందు సీట్లో కూర్చుంటా, నువ్వు వెనక సీట్లో కూర్చో. బస్సు ఒకటే కదా," అంది.

కట్టు విప్పిన రోజు అత్తగారు చాలాసేపు తన చేతుల్నే చూసుకుంది. తర్వాత యున్‌జియావ్ వైపు తిరిగింది.

"నీ జుట్టు ఎప్పుడు తెల్లబడిందే?"

"నువ్వు చూడనప్పుడు," అంది యున్‌జియావ్.

అన్నేళ్లలో అత్తగారు ఆమెను తిట్టకుండా అడిగిన మాట అదే.

కళ్లు వచ్చాక ఆవిడ కాలు ఇంట్లో నిలవలేదు. శరదృతువులో ఒకరోజు, "కొండ చూడాలనుంది, తోడు రా," అని నన్ను పిలిచింది. మోకాళ్ల నొప్పితో ఆగుతూ, కూర్చుంటూ ఎక్కింది. వెదురు పొదలు దాటి, నీళ్లు కారే రాయి పక్కనుంచి, నేనెన్నడూ చూడని ఓ పల్లంలోకి తీసుకెళ్లింది. అది ఆవిడ చోటు. ఇన్నేళ్లూ ఎవరికీ చూపించనిది. ఇక రాలేనని తెలిసి కాబోలు, నాకు చూపించాలనుకుంది.

అక్కడ పాత అయిదువేళ్ల చెట్టు ఒకటుంది. మొదలు చుట్టూ ఎన్నో ఏళ్లు తవ్విన గుంటలు. చెట్టు నిండా పచ్చటి పసుపు పూలు. అవి ఆ చెట్టువి కావు. తీగ చెట్టును మొదలునుంచి చిటారు దాకా చుట్టుకుని విరగబూసింది.

అత్తగారు ఆ పూలను చూస్తూ నిలబడిపోయింది.

"ఈ చోటు యున్‌జియావ్‌కి చూపించావా నువ్వు?" అని అడిగింది నన్ను.

"నాకే ఇప్పుడు తెలిసింది కదత్తా."

"ఆమె ఇటు ఎప్పుడైనా వచ్చిందా?"

"అక్క వేరు కోసం ఎప్పుడూ అవతలి కొండకే వెళ్లేది. ఇటు నీ చోటుంటుందని రావడానికే భయపడేది."

ఆవిడ వంగి ఓ గుంట అంచున మట్టి కెలికింది. తుప్పు పట్టిన చిన్న కత్తి బయటపడింది. పిడికి నీలం గుడ్డ చుట్టి ఉంది. మా ఇంట్లో పోయిందని అనుకున్న కత్తి. తలలోంచి పోయిన ఆ రోజులు కత్తి చూడగానే తిరిగొచ్చినట్టు, ఆవిడ దాన్ని పట్టుకుని అక్కడే చతికిలబడింది.

"చేత్తో తడిమి కోశానే," అంది. "కళ్లు కనబడక తడిమి కోశాను. ముసలాయన సంతకెళ్లాడు. ఆయన వచ్చేలోగా దిగిపోవాలని తొందర. కత్తి జారిపోతే వెతకడానికి కూడా ఆగలేదు. పండుగకి నా చేతి వేరు లేకుండా సూపేంటని..." కత్తి మీది మట్టి తుడిచింది. "యున్‌జియావ్ తవ్వలేదు. నేనే తవ్వాను."

దిగేటప్పుడు ఆవిడ నా చేయి పట్టుకుని, "నేను చెప్పేదాకా నువ్వు చెప్పకు. ఇది నా నోటితోనే చెప్పాలి. నా కొడుకుల ముందే చెప్పాలి," అంది. ఆ చలికాలమంతా ఆవిడ యున్‌జియావ్‌ను కళ్లతో వెంబడించింది. నీళ్లు తోడుతుంటే చూసేది, కట్టెలు చీలుస్తుంటే చూసేది. "ఏంటత్తా, నా మొహాన ఏమన్నా రాసుందా?" అని ఆమె విసుక్కునేది. కొత్త సంవత్సరానికి కొడుకులు రాలేదు, పని వదల్లేదన్నారు. అందుకని వసంతంలో సమాధుల పండుగ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ రోజు అందరం మామగారి సమాధి దగ్గరికి వెళ్లాం. మగవాళ్లు కలుపు కోశారు. కోడి, సారా, పండ్లు పెట్టి, పోయినవాళ్లకు పంపే డబ్బు కాగితాలు కాల్చాం. యున్‌జియావ్ ఎప్పటిలా అందరికంటే వెనక, గంపల దగ్గర నిలబడింది. అత్తగారు ముందుకెళ్లి రాయి మీద చేయి వేసింది.

"ముసలాయనా, విను. ఒరే, మీరిద్దరూ వినండి. ఆ వేరు తవ్వింది నేను. కొండెక్కొద్దన్నారు, దొంగతనంగా ఎక్కాను. కళ్లు కనబడవని చెప్పడానికి సిగ్గుపడ్డాను. మీ నాన్నని చంపింది నా చేయి. ఆ పిల్ల కాదు."

చింగ్‌ఫా చేతిలో కాలుతున్న కాగితం వేళ్ల దాకా వచ్చి, చురుక్కుమంటే వదిలేశాడు. అందరం యున్‌జియావ్ వైపు తిరిగాం.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఇప్పుడెందుకు చెప్పావ్?" అని అత్తగారి మీద విరుచుకుపడింది. "ఎవరు చెప్పమన్నారు నిన్ను? నేనిన్నేళ్లు మోసింది ఇందుకా? నువ్వక్కడ గొట్టాలతో పడున్నావ్. బతికి లేచి, మొగుణ్ణి నేనే చంపుకున్నానని తెలిస్తే మర్నాడు బావిలో తేలేదానివి. నాకు తెలీదా నీ సంగతి? ఆ పోలీసు అడిగితే నోట్లోంచి ఊడిపడింది ఆ మాట. ఆ తర్వాత మింగలేక కక్కలేక చచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు చింగ్‌ఫా.

"నీకా? నువ్వు నా మొహం చూశావా చెప్పడానికి?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా అంతా ఆవిడదే కాదు. ఆ పొద్దున కడుగుతుంటే కొన్ని ముక్కలు వాసన రాలేదు. అడిగాను. 'నీ ముక్కుకి జలుబు, వెయ్యి' అంది. ప్రతిదానికీ ఎదురు చెప్పేదాన్ని కదా, ఆ ఒక్క రోజు పండుగపూట ఎందుకులే అని ఊరుకున్నాను. కాబట్టి సగం నాది. ఆ సగం మీరెవరూ తీసెయ్యలేరు."

అత్తగారు గడ్డి మీదనుంచి జారుతూ ఆమె దగ్గరికి వచ్చింది. యున్‌జియావ్ నడుము చుట్టూ చేతులు వేసి, ఆ పొట్టి మనిషి భుజం మీద తల ఆనించింది. యున్‌జియావ్ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలో ఉంచి, చివరికి ఆవిడ వీపు మీద వేసింది. అప్పుడు ఏడ్చింది. కొండ అంతా మారుమోగేలా, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇంటికొచ్చాక అత్తగారు, "యున్‌జియావ్, నీ పొలంలో వేరు తవ్వుకురా. ఈ పూట సూపు పెట్టు," అంది. ఆమె తవ్వుకొచ్చింది, ఒక్కో ముక్కా విరిచి వాసన చూసింది. తర్వాత అత్తగారికిచ్చింది, ఆవిడా చూసింది. సూపు దింపాక యున్‌జియావ్ ముందు తను ఓ గిన్నె తాగి, "మీరాగండి," అంది. గిన్నెలు ముందు పెట్టుకుని అందరం ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో, సూపు మీద నూనె తెట్టు కట్టింది.

"అందరూ చూస్తుంటే నాకు నిజంగానే కళ్లు తిరిగేట్టున్నాయి. తాగండిక!" అంది.

మా ఆయన గటగటా తాగేసి, గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "వదినా," అన్నాడు. ఆమె గరిటెతో మళ్లీ నింపింది.

"ఎముకలు చూసుకుని తిను. గొంతులో పడితే అది కూడా నా మీదే వేస్తారు."

చింగ్‌ఫా ఆ ఏడు డాంగ్‌గ్వాన్ వెళ్లలేదు. భార్యతోపాటు మెట్ల పొలంలో దిగాడు. మొదట్లో వాళ్లిద్దరి మధ్యా మాటలు కుదిరేవి కావు. ఆమె దులిపేది, అతను పడేవాడు. పడనీ అనుకున్నాను నేను కూడా. ఒకరోజు ఆమె వెంట కావడి పట్టుకెళ్లబోతే, "నీ నడుముకి ఇది దండగ," అని లాక్కుంది. అతను నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. అదిగో, అప్పటినుంచి పరవాలేదు.

అత్తగారికి మాత్రం ఒక్కసారి చెప్పడం సరిపోలేదు. పొలం గట్టున పీట వేసుకుని కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషినీ ఆపేది. "ఒరే అబ్బాయ్, ఇటు రా. ఆనాటి వేరు తవ్వింది నేను. నా కోడలు కాదు. తెలుసా?" ఊళ్లో వాళ్లయిపోయాక చుట్టాలకూ, చుట్టాలయ్యాక వేరు కొనడానికొచ్చే బేరగాళ్లకూ చెప్పేది.

"అత్తా, ఊరంతా వినేసింది. ఇక బస్సు ఆపి డ్రైవర్‌కి చెప్పు!" అని పొలంలోంచి అరిచేది యున్‌జియావ్.

"చెప్తానే. అడ్డం నువ్వెవత్తెవి?"

ఒకటికి ఒకటిన్నర మళ్లీ మొదలైంది.

మొన్న చలికాలంలో అత్తగారు నిద్రలోనే పోయింది. మామగారి పక్కన పెట్టాలా, కొత్త శ్మశానంలో పెట్టాలా అని అన్నదమ్ములు తర్జనభర్జన పడ్డారు. మామగారి చోటు నిటారు వాలు, పెట్టె మోయడం కష్టమన్నాడు మా ఆయన. "కష్టమైతే నేను మోస్తాను. ఆయన్ని మోసింది కూడా నేనే," అంది యున్‌జియావ్. ఆ మాటతో మామగారి పక్కనే అని తేలిపోయింది. మోసేవాళ్లలో ముందు కర్ర పట్టుకుంది మా ఆయనే. అన్నం వడ్డించే వేళకు ఊరంతా వరస కట్టింది. షుజెన్ గిన్నెలు అందిస్తుంటే యున్‌జియావ్ పెట్టింది, నేను సూపు పోశాను. ఆ రోజుల్లో కురిసిన వానలకు పొలంలో కలుపు లేచింది. కర్మకాండలు అయిన మర్నాడే ఇద్దరం గునపాలు తీసుకుని వెళ్లాం. పసుపు పూల తీగ మొలక ఒకటి గట్టు పక్కన కనబడితే ఆమె వేరుతో సహా పెకలించి, రాయి మీద నలిపేసి, చేతులు కాలవలో కడుక్కుని, "ఆ వరస నువ్వు చూడు, ఈ వరస నేను చూస్తా," అంది.